కాలు నాది కానట్టుంది

రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. అడిగినవాళ్ళకి "అమ్మకి ఒంట్లో బాగోలేదు" అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అమ్మ కుడికాలికి రెండు వేళ్ళు తీసేశారు. అందులో నా వాటా ఉంది. ఇవ్వాళ అది రాస్తాను. మెడిసిన్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆరోగ్య హక్కు గురించి మీటింగులు పెట్టే మిత్రులూ కొంచెం ఓపిగ్గా చదవండి.

అమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. షుగరొచ్చి తొమ్మిదేళ్ళు. ప్రకాశం జిల్లాలో మా పల్లె. ఊరంటే ఊరు, పల్లె అంటే పల్లె, రెంటికీ మధ్య చెరువుకట్ట. ఉపకేంద్రం ఊళ్ళో ఉంటుంది. సంక్రాంతి దాటాక మిరపకోతలు మొదలైతే అమ్మ పొద్దున్నే ఆటో ఎక్కి పోతుంది, చీకటిపడ్డాక వస్తుంది. ఉపకేంద్రం తెరిచేదీ మూసేదీ ఆ మధ్యలోనే. అక్కడికి పోవాలంటే ఒకరోజు కూలి పోవాలి. ఇది మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

నేనుండేది నూట నలభై కిలోమీటర్ల దూరంలో. జనవరిలో ఒకరోజు అమ్మ ఫోన్లో, "కాలు సరిగా లేదు పాపా" అంది. నేను చదువుకున్న దాన్ని కదా, ఆన్‌లైన్లో ఉచితంగా డాక్టరుకి చూపించే ఏర్పాటు ఉందని తెలుసు. స్టాఫ్‌రూంలో కూర్చుని నా ఫోన్లో వీడియో కాల్ పెట్టాను. అమ్మ దగ్గరుండేది బటన్ ఫోను. కొలీగ్ ఫోన్ అడిగి తీసుకుని దాన్నించి అమ్మకి కలిపి, స్పీకర్ పెట్టి, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకున్నాను. డాక్టరమ్మకి తెరమీద కనపడుతున్నది నా మొహం. అమ్మ గొంతు మాత్రమే, అదీ మిరపచేల గాలిలోంచి.

డాక్టరమ్మ మొదట అడిగిన మాట: "పేషెంటు మీ పక్కనే ఉన్నారా?"

"ఆ, ఉన్నారు మేడమ్" అన్నాను.

ఎందుకన్నానంటే, లేరంటే కాల్ కట్ చేస్తుందేమోనని భయం. పదకొండింటికి క్లాసు. అప్పటికే పదీ నలభై. (ఆరోజు పాఠమేమిటో చెబితే కథ అల్లానంటారు, వదిలేద్దాం.) డాక్టరమ్మ పద్ధతిగానే అడిగింది. షుగర్ ఎన్నాళ్ళ నించి, ఏం మందులు, కాళ్ళల్లో ఏమన్నా ఇబ్బందా. అవతల అమ్మ చెప్పింది: "కాలు నాది కానట్టుందమ్మా. చెప్పు జారిపోయినా తెలవట్లా. దూదిమీద నడిచినట్టుండాది."

గాలి హోరులో డాక్టరమ్మకి సరిగా వినపడలేదు. "ఏమంటున్నారు?" అంది. నేను చెప్పాను: "నడిస్తే కాళ్ళు లాగుతున్నాయంట మేడమ్. నొప్పులు."

నా డాక్టరేటు తెలుగు సాహిత్యంలో. దళిత కథల్లో భాష మీద మూడొందల పేజీలు రాశాను. మన వాడల భాషని ప్రామాణిక భాష ఎట్లా మింగేసిందో అధ్యాయాలకి అధ్యాయాలు. అమ్మ చెప్పిన మూడు వాక్యాలని మింగడానికి నాకు మూడు సెకన్లు కూడా పట్టలేదు.

ఏం జరిగిందో మెడిసిన్ వాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. మిగతా వాళ్ళకి చెబుతాను. షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే కాళ్ళ నరాలు దెబ్బతింటాయి. స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. రక్తప్రసారం కూడా తగ్గితే చిన్న పుండు మానదు, చీము పడుతుంది, కుళ్ళుతుంది. నొప్పి ఉన్న కాలు కంటే నొప్పి తెలియని కాలు ప్రమాదం. చెప్పు జారిపోయినా తెలియకపోవడం, దూదిమీద నడిచినట్టు ఉండడం, ఇవి ఆ స్పర్శ పోయిందనే గుర్తులు. అంటే అమ్మ తన జబ్బుని పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. నేను దాన్ని సరిగ్గా తలకిందులు చేసి, లేని నొప్పిని ఉందని చెప్పాను. నొప్పులన్నాక డాక్టరమ్మ నొప్పిబిళ్ళ రాసింది, షుగర్ మందు అదే వాడమంది, తగ్గకపోతే దగ్గర్లో నేరుగా చూపించమంది. ఆమెని నేను తప్పు పట్టను.

నెల తిరక్కముందే తుమ్మముల్లు. అరికాల్లో విరిగి ఎన్నాళ్ళుందో అమ్మకి తెలియదు. వాసనొస్తుందని మొదట కనిపెట్టింది పక్కింటి పిల్ల. నేను వెళ్ళేసరికి చిటికెన వేలు నల్లబడింది.

ఇక్కడ కార్డు పనికొచ్చింది. ఆపరేషన్‌కి మా దగ్గర పైసా తీసుకోలేదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు నేను కాలేజీలో చదువుకుంటున్నాను. అది రాకముందు మా పల్లెలో గుండె ఆపరేషన్ అంటే ఎవరూ ఆశపెట్టుకునేవాళ్ళు కాదు. తర్వాత చేయించుకుని బతికి, ఇప్పటికీ పనికి పోతున్నవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఆ పథకం మీద నోరు పారేసుకోను. 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. తర్వాత రాష్ట్రాలు అంతకంటే పెంచుకుంటూ పోయాయి. 2023 డిసెంబర్లో తెలంగాణ 10 లక్షలు అంది, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు అంది. అంకె పెరుగుతూనే ఉంది.

కానీ ఆ డబ్బు ఎప్పుడు కదులుతుంది? ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక. మంచం, కత్తి, కుట్లు ఉన్నప్పుడు. ఆయుష్మాన్ భారత్ అయితే మామూలు ఓపీకి డబ్బివ్వదని నిబంధనల్లోనే ఉంది. ఏళ్ళ తరబడి షుగర్ చూసుకోవడం, ఏడాదికోసారి కాళ్ళు పట్టి చూడటం, దారి ఖర్చు, ఆ రోజు పోయిన కూలి, ఇవేవీ దాని లెక్కలోకి రావు. వేలు తీసేయడానికి కార్డు ఉంది. వేలు ఉండగా చూడటానికి మిగిలింది ఉపకేంద్రం, ఖాళీ పోస్టుల పీహెచ్‌సీ, నా ఫోను.

సరే, ఆ ఫోను సంగతికొద్దాం. ఆసుపత్రిలో రాత్రుళ్ళు నిద్రపట్టక టెలిమెడిసిన్ నిబంధనలు చదివాను. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదటిరోజే, కేంద్రం వీటిని విడుదల చేసింది. అంతకుముందు ఫోన్లో వైద్యం చేయొచ్చా లేదా అన్నది దేశంలో తేలని సంగతి. నిజానికి అది బాగానే రాసిన కాగితం. వీడియో, ఆడియో, మెసేజి అని మూడు పద్ధతులు. ఎప్పుడు ఏ మందులు రాయొచ్చో జాబితాలు. డాక్టరు తనే చూసిన రోగి, అదే జబ్బుకి, ఆర్నెల్లలోపు ఫోన్ చేస్తే అది ఫాలోఅప్, లేకపోతే మొదటిసారి కింద లెక్క. రోగే కాల్ చేస్తే ఒప్పుకున్నట్టే. ఆరోగ్య కార్యకర్తో ఇంకొకరో చేస్తే రోగి ఒప్పుకోలు విడిగా తీసుకోవాలి. ఫోన్లో తేలదనిపిస్తే నేరుగా రమ్మనడం డాక్టరు విచక్షణ.

ఒకచోట నవ్వొచ్చింది. ఆ కాగితం నిండా 'ఆర్ఎంపీ' అని ఉంటుంది. అంటే రిజిస్టరు అయిన డాక్టరు. మన ఊళ్ళల్లో ఆర్ఎంపీ అంటే ఏ రిజిస్టర్లోనూ లేనాయన! ఢిల్లీలో ఒక మాటకి ఉన్న అర్థం మన చెరువుకట్ట దగ్గరికొచ్చేసరికి ఎదురు తిరుగుతుంది.

నాకు గుచ్చుకున్నది సహాయకుల గురించిన భాగం. రోగి పక్కన ఉంటే ఇంట్లోవాళ్ళు తరఫున మాట్లాడొచ్చు. రోగి పక్కన లేకుండా మాట్లాడాలంటే రోగి మైనరో, చెప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషో అయ్యుండాలి, లేదా రోగి ఇచ్చిన అధికారమో, బంధుత్వం చూపే పత్రమో ఉండాలి. డాక్టరమ్మ మొదటి ప్రశ్న ఇందుకే. నేను రూల్ని ఒక్క అబద్ధంతో దాటాను. మనం రూళ్ళంటే మనల్ని ఆపేవి అనుకుంటాం, ఎందుకంటే మన అనుభవం అది. రేషన్ దగ్గర వేలిముద్ర పడకపోతే ఆపేవి, స్కాలర్‌షిప్ దగ్గర ఆదాయ సర్టిఫికెట్ లేదని ఆపేవి. అందుకే దొరికిన సందులోంచి దూరడం మనకి అలవాటు. ఈ రూలు మాత్రం మా అమ్మ కోసం పెట్టింది. అమ్మ నోటి మాట అమ్మ నోటి నించే పోవాలని పెట్టింది. ఆ సంగతి తెలియక అలవాటు ప్రకారం దూరేశాను.

అట్లాగని రూలు సరిపోయిందనీ అనను. నేను నిజం చెప్పి, బంధుత్వం పత్రం చూపించి ఉన్నా అదే తప్పు చేసేదాన్ని. పత్రం నేను కూతుర్నని చెబుతుంది, అమ్మ మాటని అమ్మ మాటగా చెబుతానని చెప్పదు.

అమెరికాలో ఉంటున్న ఒక క్లాస్‌మేట్‌తో ఈ మాటే అన్నాను. అక్కడ తక్కువ ఆదాయం వాళ్ళకి మెడికెయిడ్ ఉంది, 1965 నించి. అది కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపేది కాబట్టి ఫోన్ వైద్యం విషయంలో రాష్ట్రానికో తీరు. వీడియో లేకుండా ఉత్త ఫోన్ కాల్‌కి డాక్టరుకి డబ్బు చెల్లించాలా వద్దా అన్నది అక్కడి పెద్ద తగువు. స్మార్ట్‌ఫోను, మంచి నెట్ లేని పేదవాళ్ళకి ఉత్త కాలే దిక్కు, దానికి డబ్బివ్వకపోతే డాక్టర్లు ఆ కాల్ ఎత్తరు. అయితే అక్కడ ఇంకొకటి కూడా ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రి, రోగికి ఇంగ్లీషు సరిగా రాకపోతే అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, వెంటొచ్చిన బంధువుని దుబాసీగా వాడుకోవడం మీద ఆంక్షలున్నాయి. 2010 ఆరోగ్య చట్టంలో 1557వ సెక్షన్. అంటే నాలాంటి కూతుళ్ళు ఏం చేస్తారో అక్కడ ఎవరో ముందే ఊహించారు. మనకి ఆ ఊహ రాలేదు, ఎందుకంటే డాక్టరుదీ రోగిదీ ఒకే తెలుగు కదా అనుకుంటాం. ఒకే తెలుగు ఎప్పుడైంది?

ఇంకో సంగతి చెప్పకుండా దాటలేను. టెలిమెడిసిన్ మీద మన మిత్రుల్లో కొందరికి ఉన్న కోపం నాకూ ఉంది. ముట్టుకోకుండా వైద్యం చేయడం మనకి కొత్తా? నా చిన్నప్పుడు ఊళ్ళో సూదేసే ఆయన మా పల్లెకొస్తే వాకిట్లోనే నిలబడేవాడు. బిళ్ళలు చేతిలో పెట్టేవాడు కాదు, పైనించి జారవిడిచేవాడు, కిందపడితే ఏరుకునేవాళ్ళం. నాలుక చూపించమనేవాడు, నాడి పట్టేవాడు కాదు. ఇప్పుడు ఆ దూరాన్నే తెరగా చేసి, దానికి టెక్నాలజీ అని పేరుపెట్టి ఇస్తే అనుమానం రాదా? ఊరికి డాక్టరుని వేయమంటే ట్యాబ్ ఇచ్చారు అని మా తమ్ముడొకడు మీటింగులో అంటే చప్పట్లు కొట్టాను కూడా. రాష్ట్రంలో 2023 ఏప్రిల్లో డాక్టరే నెలకి రెండుసార్లు 104 బండితో ఊరికి రావాలనే పథకం మొదలైనప్పుడు మా పల్లెలో ముసలివాళ్ళు సంతోషపడింది దీనికే. మనిషొస్తున్నాడని.

మా ఇంట్లో కాళ్ళు పట్టుకుని చూసినవాడు తాత. చెప్పులు కుట్టేవాడు. కొలతకి టేపు వాడేవాడు కాదు, పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చూసేవాడు. ఊళ్ళో ఎవరికి ఆనె ఉందో, ఎవరి మడమ పగిలిందో ఆయనకి తెలుసు. ఊరందరి పాదాలూ ముట్టుకోవచ్చు, నీళ్ళ కుండ మాత్రం ముట్టుకోకూడదు.

కోపం సంగతి అది. అయినా, మార్చిలో జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం.

అమ్మని ఇంటికి తెచ్చాక ఉపకేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ కొత్తగా వచ్చిన నర్సమ్మాయి ఈ-సంజీవనిలో డాక్టరుకి కలిపింది. ఈ-సంజీవని అంటే తెలుసుగా, మొహాలీ సీడాక్ వాళ్ళు తయారుచేసింది. ఉపకేంద్రంలో నర్సు, అవతల హబ్‌లో డాక్టరు. 2019 నవంబరులో మొట్టమొదట మొదలుపెట్టిన రాష్ట్రం మనదే. 2023 ఫిబ్రవరికి దేశంలో 10 కోట్ల కన్సల్టేషన్లు దాటితే అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. ఆ అంకె చూసి నేను పెదవి విరిచేదాన్ని, టార్గెట్ల కోసం నొక్కిన బటన్లు కూడా అందులో ఉండే ఉంటాయని ఇప్పటికీ నా అనుమానం. కానీ ఆరోజు తెరమీది డాక్టరు, "రెండో కాలు చూపించమ్మా. ఊరికే చూపించడం కాదు, దూదితో తాకి చూడు" అన్నాడు.

ఆ అమ్మాయి ట్యాబ్‌ని స్టూలుకి ఆనించి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అమ్మ ఎడమపాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది.

అమ్మ కాలు లాక్కుంది. "వద్దమ్మా, కాళ్ళు పట్టుకోబాక. పెద్దింటి బిడ్డవి."

"పెద్దిల్లూ లేదు, చిన్నిల్లూ లేదు. కళ్ళు మూసుకో పెద్దమ్మా. తగిలితే చెప్పు."

దూదితో ఒకచోట తాకింది. అమ్మ ఊ అంది. ఇంకోచోట. ఊ. బొటనవేలి కింద తాకింది. అమ్మ కళ్ళు మూసుకుని అట్లాగే కూర్చుంది. మడమ దగ్గర తాకింది. ఏమీ అనలేదు. ఆ అమ్మాయి నావైపు చూసింది. డాక్టరు, "రాసుకో, ఎడమకాలు కూడా" అన్నాడు. చెప్పులు వెనకాల పట్టీ ఉన్నవి, మెత్తటి అడుగున్నవి వేసుకోమన్నాడు. రోజూ సాయంత్రం పాదం చూసుకోమన్నాడు. మొత్తం ఏడెనిమిది నిమిషాలు.

టెలిమెడిసిన్ నిబంధనల్లో ఇది ఉంది. ఆరోగ్య కార్యకర్త రోగిని పరీక్షించడంలో సాయపడాలి, కనుక్కున్నది డాక్టరుకి చేరవేయాలి అని. అవతల కళ్ళు, ఇవతల చేతులు. ఆ చేతులు లేకపోతే అది వైద్యం కాదు, నా స్టాఫ్‌రూం కాల్. ఆ నర్సమ్మాయి లాంటివాళ్ళ ఉద్యోగాలు కాంట్రాక్టువి. నేను వెళ్ళినరోజు ఆమె చేతిలో మూడు రిజిస్టర్లు, రెండు యాప్‌లు. అమ్మ తర్వాత బయట పదకొండు మంది. ప్రతి షుగర్ రోగి కాలినీ ఒళ్ళో పెట్టుకోవాలంటే ఆమెకి టైము ఎవరివ్వాలి? మనం డిమాండ్ పత్రాలు రాసేటప్పుడు 'డాక్టరు కావాలి, ట్యాబ్ వద్దు' అని రాసి ఊరుకుంటున్నాం. ఈ అమ్మాయి పోస్టు పర్మినెంటు కావాలని రాస్తున్నామా? ఉపకేంద్రం కోతల రోజుల్లో సాయంత్రం ఏడు దాకా తెరవాలని రాస్తున్నామా? పల్లెలో ఒక గది ఇచ్చి వారానికి రెండుసార్లు ట్యాబ్ ఇటు రావాలని? షుగర్ రోగి కాల్‌లో పాదం తాకి చూశామని రాయందే కాల్ పూర్తయినట్టు లెక్కపెట్టొద్దని? కార్డు డబ్బు కత్తికే కాదు, చూపుకి కూడా కదలాలని?

ఇవి అడగడానికి మనకి పునాది లేకపోలేదు. 1992లో హకీం షేక్ అనే ఆయన బెంగాల్లో రైలు నించి పడి తలకి దెబ్బ తగిలితే మంచం లేదు, సౌకర్యం లేదు అని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. సుప్రీంకోర్టుకి పోయింది ఆయనతోపాటు ఒక వ్యవసాయ కూలీల సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి. 1996లో తీర్పొచ్చింది. అత్యవసర వైద్యం అందించకపోవడం ఆర్టికల్ 21 ఉల్లంఘనే అని, డబ్బు లేదని రాజ్యం తప్పించుకోలేదని. కూలీల సంఘం తెచ్చిన తీర్పు అది. మన సంఘాల క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాం?

బాబాసాహెబ్‌కీ షుగరే. చివరి సంవత్సరాల్లో ఆయన కాళ్ళ బాధతో నిద్రలేక గడిపిన రాత్రుల గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. 1948లో ఆయన్ని పెళ్ళాడిన సవితా అంబేడ్కర్ డాక్టరు. ఆ బాధ చూసుకోవడానికి ఇంట్లో ఒక డాక్టరు చెయ్యి ఉండింది. డిసెంబరు 6న దండ వేసేటప్పుడు నాకెప్పుడూ తట్టలేదు ఈ సంగతి.

పోయినవారం సెకండియర్ పిల్లలకి ఒక పని చెప్పాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒంట్లో బాధని ఏ మాటల్లో చెబుతారో రాసుకురండి, మీరు దిద్దకుండా. నలభైమంది తెచ్చారు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు, గుంజుడు వేరు. కడుపులో దేవినట్టు. కళ్ళు బైర్లు కమ్మినట్టు. గుండె జల్లుమన్నట్టు. చీమలు పాకినట్టు. ఒళ్ళు కూలబడినట్టు. ఒక పిల్ల వాళ్ళ నాయనమ్మ మాట తెచ్చింది: "కాళ్ళకి మేజోళ్ళు తొడిగినట్టుండాది." ఆమెకి షుగర్ ఉందా అని అడిగాను. ఎప్పుడూ చూపించలేదంది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళమన్నాను. ఈ మాటలన్నీ ఒక కాగితం మీద పెట్టి, ఎదురుగా వైద్యంలో దాని అర్థమేంటో మెడిసిన్ చదివే మన తమ్ముళ్ళ చేత రాయించాలని ఉంది. చేయగలవాళ్ళు మెసేజ్ పెట్టండి.

నిన్న రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. కాలు చూసుకున్నావా అని.

"చూసుకున్నా. అద్దం కింద పెట్టుకుని చూసుకున్నా. బాగానే ఉండాది."

"శుక్రవారం డాక్టరుకి మళ్ళీ కలపాలంట కదా. నేనొస్తాలే, మాట్లాడతా."

"రా, వస్తే కూర తెచ్చి పెడతా. డాక్టరుకి మాత్రం నువ్వు చెప్పబాక పాపా. నేనే చెప్పుకుంటా."